ఇంటిపేరును నమ్ముకుంటే దారి తప్పుతారు

ఫిబ్రవరి నెల. కెనడాలోని క్యుబెక్ నగరం దిగువ రేవులో లెవీ వెళ్లే ఫెర్రీ ఎక్కారు మీరు. సెయింట్ లారెన్స్ నది ఇక్కడ సన్నబడి కిలోమీటరు వెడల్పుకు దిగుతుంది. ఆ కాస్త దూరమూ మంచు పలకలే. ఫెర్రీ వాటిని గుద్దుకుంటూ పోతుంటే కాళ్ల కింద ఇనుప రేకు దడదడమంటోంది. బయట నిలబడి చూద్దామని వెళ్లారు గానీ, కాసేపటికే చెవులు మొద్దుబారి లోపలికొచ్చి కూలబడ్డారు. అద్దంలోంచి వెనక్కి చూస్తే కొండమీద షాతో ఫ్రాంత్నాక్ హోటల్, దాని పచ్చటి రాగి కప్పు. ముందుకు చూస్తే లెవీ గట్టు.

అక్కడ మీరు చూడబోయేది ఒక ఇల్లు. కెనడా పార్లమెంటులో ఫ్రెంచి ప్రసంగాలను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునే ఉద్యోగి అల్ఫాన్స్ దెజార్దాన్ ఇల్లు. ఊళ్లోవాళ్లు వడ్డీవ్యాపారుల పాలబడటం చూసి, 1900 డిసెంబరు 6న వాళ్లనే కూడగట్టి పరపతి సంఘం పెట్టాడాయన. 1901 జనవరి 23న తొలి వసూళ్లు. మొట్టమొదటి డిపాజిట్ పది సెంట్లు. ఆ రోజు మొత్తం 26 డాలర్ల 40 సెంట్లు. ఆయన ఉద్యోగం మీద ఒట్టావాలో ఉంటే, ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూనే లెక్కల పుస్తకం రాసింది భార్య దోరిమెన్. మన పల్లెల్లో సహకార సంఘం ఎలా నడిచిందో తెలిసినవాళ్లకు ఈ కథ కొత్తగా ఉండదు. ఇవాళ క్యుబెక్ రాష్ట్రంలో చాలా ఊళ్లలో ఆ సంఘాల బ్యాంకు బోర్డు మీద ఆయన పేరే.

మీరొచ్చింది బ్యాంకు కోసం కాదు, ఆ పేరు కోసం. ఈ దెజార్దాన్‌ల మూలపురుషుడు ఎవరు, ఫ్రాన్సులో ఏ ఊరి నుంచి ఎప్పుడు ఓడ ఎక్కాడు? మనిషి ప్రసిద్ధుడు, ఇంటిపేరు బోర్డుల మీద ఉంది. మధ్యాహ్నానికల్లా తేలిపోతుందనుకుంటూ తిరుగు ఫెర్రీ ఎక్కారు.

లావల్ విశ్వవిద్యాలయం ఆవరణలో కాసో భవనం. మతగురువుల శిక్షణ కోసం కట్టిన సెమినరీ కాబట్టి, రెండు శిఖరాలతో దూరం నుంచి చర్చిలాగే కనిపిస్తుంది. ప్రభుత్వ ప్రాచీన పత్రాల సంస్థ ఇందులోనే ఉంది. వంశాల పరిశోధన సంఘం గదీ ఇక్కడే. కోటు, సంచీ లాకర్‌లో పెట్టి, పెన్సిలూ కాగితమూ పట్టుకుని లోపలికెళ్లారు. బల్లల దగ్గర ఎక్కువమంది రిటైరైనవాళ్లే. ఎవరి తాతల వేటలో వాళ్లున్నారు.

తెర మీద లెవీ చర్చి రిజిస్టరు, 1854 నవంబరు. సిరా అవతలి పేజీలోంచి ఊరి ఈ పేజీ అక్షరాల మీదికి వచ్చింది. గురువుగారి చేతిరాత చీమలబారు. నవంబరు 5న పుట్టిన బిడ్డకు గాబ్రియెల్-అల్ఫాన్స్ అని పేరు. పదిహేనుమంది సంతానంలో ఎనిమిదోవాడు. సరే, తల్లిదండ్రులు? తండ్రి ఫ్రాన్స్వా ర్వా ది దెజార్దాన్. తల్లి క్లారిస్ మివిల్ ది దెషేన్.

కళ్లు నులుముకుని మళ్లీ చదివారు. ర్వా ఎవరు? మివిల్ ఎక్కడి నుంచి ఊడిపడింది?

పక్క బల్ల దగ్గరి పెద్దావిడ మీ ముఖం చూసి నవ్వింది. ఇక్కడ స్వచ్ఛందంగా సాయం చేసేవాళ్లలో ఆవిడ ఒకరు. "ఒక మనిషికి రెండు పేర్లు కనిపించాయా? అయితే మీ పని ఇప్పుడే మొదలైందండీ. మధ్యలో 'ది' ఉంది చూశారా? ర్వా అనే ఇంటిపేరుండి, దెజార్దాన్ అని పిలిపించుకున్నవాడన్నమాట. ఒక కొడుకు ముందు పేరు ఉంచుకుంటాడు, ఇంకొకడు వెనక పేరు ఉంచుకుంటాడు. మూడు తరాలు తిరిగేసరికి ఒకే తాత మనవళ్లు పక్కపక్క ఊళ్లలో వేరే వేరే వంశాలవాళ్లలాగా తిరుగుతుంటారు."

ఈ రెండో పేర్లు ఎక్కువగా సైన్యంలోంచి వచ్చాయి. 1665లో ఇరోక్వా ఆదివాసులతో యుద్ధానికి ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ అప్పట్లో తన కాలనీ అయిన ఈ చోటికి పంపిన కారిన్యాన్-సాలియేర్ దళంలో సుమారు 1,200 మంది సైనికులు. ఒక్కో కంపెనీలో ఎంతమంది జాన్‌లు, ఎంతమంది పియేర్‌లు! అందుకని ఒక్కొక్కడికీ ఒక యుద్ధనామం. లాఫ్లేర్ అంటే పువ్వు, సాంసూసీ అంటే చీకూచింతా లేనివాడు, జోలికేర్ అంటే మంచి మనసువాడు. తుపాకీ పట్టిన ముఠాకు పూలతోట పేర్లు పెట్టిన ఆ అధికారి ఎవరో గానీ రసికుడే. యుద్ధం ముగిశాక దాదాపు 400 మంది ఇక్కడే ఉండిపోయి, పొలం తీసుకుని, పిల్లల్ని కన్నారు. పిల్లలతోపాటు ఆ పేర్లూ మిగిలాయి. సైన్యంతో సంబంధం లేనివాళ్లకు కూడా ఈ అలవాటు అంటుకుంది. ఒకడికి పొలం పేరు, ఒకడికి పుట్టిన ఊరి పేరు, ఒకడికి తండ్రి పేరు. మన ఇంటిపేర్లు కూడా సగం ఊళ్ల నుంచి వచ్చినవే కాబట్టి ఇందులో వింత లేదు. ఉన్న పేరు ఉండగానే పక్కన ఇంకొకటి తగిలించుకోవడమే తికమక పెడుతుంది.

అల్మారాలోంచి ఆవిడ లావుపాటి పుస్తకం దించింది. సిప్రియాన్ తాంగే అనే మతగురువు 1871 నుంచి 1890 దాకా ఏడు సంపుటాలుగా అచ్చువేసిన ఫ్రెంచి కెనడా కుటుంబాల నిఘంటువు. ఏడో సంపుటం చివర్లో ఏ పేరు ఏ పేరుగా మారిందో వరసగా జాబితా ఉంది. "తప్పులు లేకపోలేదు. కంప్యూటర్లు లేని రోజుల్లో ఊరూరా రిజిస్టర్లు తిరగేసి రాసినవాడు కదా, మన్నించాలి," అందావిడ. ఆ మాటతోపాటే ఒక సలహా కూడా ఇచ్చింది. "పేరు వెంట పోకండి. పెళ్లి వెంట పొండి."

ఆ సలహా విలువ ఒక పెళ్లి నమోదు చదివితే తెలుస్తుంది. వరుడి తల్లిదండ్రులు, వధువు తల్లిదండ్రులు, వాళ్లది ఏ ఊరు, బతికున్నారా లేదా, అన్నీ అందులోనే ఉంటాయి. తల్లిని కూడా పుట్టింటి ఇంటిపేరుతోనే రాస్తారు. మన దగ్గర అమ్మాయి అత్తారింటికి వెళితే పుట్టింటి ఇంటిపేరు కాగితాల్లోంచి మాయమవుతుంది. ఇక్కడ భార్యగా, తల్లిగా, వితంతువుగా, చివరికి సమాధి నమోదులో కూడా ఆమె పేరు ఆమెదే. అందుకే క్యుబెక్‌లో ఆడవాళ్ల వంశం కూడా మగవాళ్ల వంశమంత తేలిగ్గా దొరుకుతుంది. తండ్రి ఒకచోట ర్వా, ఇంకోచోట దెజార్దాన్ అయినా, పక్కన అదే భార్య పేరు ఉంటే మనిషి ఒక్కడేనని పోల్చుకోవచ్చు. కొడుకు పెళ్లి నుంచి తండ్రి పెళ్లికి, అక్కడి నుంచి తాత పెళ్లికి. మెట్లు దిగినట్టు దిగడమే.

మెట్ల మీద గుంటలూ ఉన్నాయి. రెండో పెళ్లి నమోదులో తల్లిదండ్రుల పేర్లు రాయరు, పోయిన భార్య పేరో, భర్త పేరో రాసి ఊరుకుంటారు. అప్పుడు మొదటి పెళ్లి ఎక్కడ జరిగిందో వెతుక్కోవాలి. నెలల పేర్లు మరో చిక్కు. '7బ్ర' అని కనిపించగానే ఏడో నెల, జులై అని రాసుకుంటారు కొత్తవాళ్లు. అది సెప్టెంబరు. ఫ్రెంచిలో ఏడు అంటే 'సెత్', అందుకని ఆ అంకె వేసి సెప్టెంబరును పొట్టిగా రాసేవారు. 8 అక్టోబరు, 9 నవంబరు, రోమన్ పది డిసెంబరు.

చాలా నమోదుల చివర ఒకే వాక్యం పదేపదే వస్తుంది, సంతకం చేయడం రాదని చెప్పారని. ఉత్తర ఫ్రాన్సులోని పెర్ష్ ప్రాంతం నుంచి 1634లో వచ్చిన జకారీ క్లూతియే అనే వడ్రంగి మాత్రం ఊరికే గీత గీసి ఊరుకోలేదు. పత్రం కింద గొడ్డలి బొమ్మ వేశాడు. పిడి, తల, అంచు అన్నీ తెలిసేలా నాలుగు గీతల్లో ఒక గొడ్డలి. అతని కూతురు ఆన్‌కూ రొబేర్ ద్రువాన్‌కూ 1636 జులై 27న రాసిన పెళ్లి ఒప్పందం కెనడాలో మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది. పెళ్లికూతురికి అప్పటికి పదేళ్లు. పెళ్లి మరుసటి ఏడు జరిగింది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1966 నుంచి ఈ రిజిస్టర్లన్నిటినీ కలిపి లెక్కగట్టారు. 1800 నాటికి ఆ గొడ్డలి సంతకం పెద్దమనిషికి పెళ్లిళ్లయిన వారసులే 10,850 మంది. ఫ్రెంచి కెనడాలో ఇంకెవరికీ ఇంత సంతానం లేదు.

సాయంత్రమైంది. కిటికీ బయట మంచు కురుస్తోంది. ఫ్రాన్స్వా నుంచి మెట్లు దిగుతూ, దిగుతూ 1668 సెప్టెంబరు 11కి వచ్చారు. క్యుబెక్‌లో పెళ్లి. వరుడు ఆంత్వాన్ ర్వా ది దెజార్దాన్, బుర్గుండీలోని జ్వాన్యీ ఊరివాడు, కారిన్యాన్ దళంలో సైనికుడు, పీపాలు చేసే పనివాడు. వధువు మరీ మజోర్, నార్మండీ పిల్ల. 1663 నుంచి 1673 వరకు రాజు ఖర్చుతో ఈ కాలనీకి పెళ్లికూతుళ్లుగా పంపిన సుమారు 770 మంది 'రాజు కూతుళ్ల'లో ఒకామె. దొరికాడు మీరు వెతుకుతున్న మూలపురుషుడు! పెన్సిలు పక్కన పెట్టి ఒళ్లు విరుచుకున్నారు.

"అప్పుడే అయిపోలేదండీ," అంది పెద్దావిడ. "ఎలా పోయాడో చూడండి."

1684 జులైలో మాంట్రియల్ పక్కన లాషీన్‌లో పోయాడు. భార్య బాతిస్కాన్‌లో ఉంది. ఈయన వేరొకరి ఇంట్లో, ఆ ఇంటాయన భార్య పక్కన దొరికాడు. ఇంటాయన అక్కడికక్కడే చంపేశాడు. కోర్టులో విచారణ జరిగింది కాబట్టి ఇదంతా కాగితం మీదికి ఎక్కింది. చర్చి రిజిస్టరు మనిషి పుట్టాడు, పెళ్లాడాడు, పోయాడు అని మాత్రమే చెబుతుంది. మిగతా బతుకు తెలియాలంటే నోటరీ కాగితాలు, కోర్టు కాగితాలు తిరగేయాల్సిందే. ఆంత్వాన్‌కూ మరీకీ ఒక్కడే కొడుకు, పియేర్. ఆ ఒక్కడు బతికి బట్టకట్టబట్టే నది దక్షిణ గట్టున ఈ శాఖ దెజార్దాన్‌లు ఇంతమంది అయ్యారు. పొదుపు, నమ్మకం మీద నడిచే బ్యాంకుకు పేరిచ్చిన వంశానికి మూలపురుషుడు ఇలాంటివాడు. నాకైతే ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ కనిపించదు. పూర్వీకులందరూ పుణ్యాత్ములే కావాలనుకునేవాళ్లు ఈ గదిలోకి రాకపోవడమే మేలు.

ఇక తల్లి వైపు. మివిల్ ది దెషేన్. ఈ పేరు మొదట పెట్టుకున్నది జాక్ మివిల్. అతని తండ్రి పియేర్ మివిల్ వడ్రంగి, స్విట్జర్లాండులోని ఫ్రీబూర్ వాడు. అందుకని అతన్ని 'స్విస్సువాడు' అనే పిలిచేవారు. 1649లో భార్యాపిల్లలతో దిగి, క్యుబెక్ ఎదుటి గట్టున లోజోన్‌లో భూమి పుచ్చుకున్నాడు. పొద్దున మీరు ఫెర్రీ దిగిన గట్టు అదే. 1664లో ఓడలో వచ్చిన కూలీలను అధికారులు పంచేలోపే బలవంతంగా తన వైపు లాక్కోబోయి పట్టుబడ్డాడు. జీవితాంతం క్యుబెక్ నగరంలో అడుగుపెట్టకూడదని శిక్ష వేశారు. నది ఇవతల కూర్చుని ఆ ఊరిని చూస్తూ గడిపాడన్నమాట. 1669లో పోయాడు.

అదే ఏడాది కొడుకు జాక్ పెళ్లాడిన అమ్మాయి కాత్రిన్ ద బాయోన్. ఈమె కూడా రాజు కూతుళ్లలో ఒకతె. అయితే ఫ్రాన్సు జమీందారీ కుటుంబం నుంచి వచ్చింది. తండ్రి పేరు కూడా అల్ఫాన్సే. వంశ పరిశోధకులు ఈమె తాతముత్తాతలను ఒక్కొక్కరినీ పత్రాలతో రుజువు చేసుకుంటూ శార్లమాన్ చక్రవర్తి దాకా వెళ్లారు. ఇంత పెద్ద వంశం అమ్మాయి అడవి గట్టున వడ్రంగి కొడుకు ఇంటికి కోడలిగా ఎందుకు వచ్చిందో ఏ రిజిస్టరూ చెప్పదు. 1688 జనవరిలో భార్యాభర్తలిద్దరూ కొద్ది రోజుల తేడాలో రివియేర్-వెల్‌లో పోయారు.

ఒకవైపు పరాయి ఇంట్లో చచ్చిన పీపాలవాడు, ఇంకోవైపు చక్రవర్తి. దెజార్దాన్ అనే ఒక్క పేరు పట్టుకుని కూర్చుంటే వీళ్లిద్దరిలో ఒక్కరూ దొరికేవారు కాదు. ఇంకో విశేషం. లెవీ ఇంట్లో లెక్కలు రాసిన దోరిమెన్ ఉంది చూశారూ, సొరెల్‌లో 1879లో పెళ్లయ్యేనాటికే ఆమె ఇంటిపేరు కూడా ర్వా ది దెజార్దాన్. మెట్టింటి పేరని మీరు అనుకున్నది ఆవిడకు పుట్టింటి పేరు కూడా.

అన్ని పేర్లూ ఇలా చెదిరిపోలేదు. త్రాంబ్లే అనే ఇంటిపేరు ఇవాళ క్యుబెక్‌లో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉంది. వాళ్లంతా 1657లో పెళ్లాడిన పియేర్ త్రాంబ్లే, ఓజాన్ అషోన్ అనే ఒక్క జంట సంతతే. ర్వా అలా కాదు. ఒకరికొకరు ఏమీ కాని ర్వాలు వేరే వేరే ఓడల్లో వచ్చారు. వాళ్లలో కొందరి మనవళ్లు అమెరికాలో మిల్లు పనులకు వెళ్లి కింగ్‌లయ్యారు. బ్వావేర్‌లు గ్రీన్‌వుడ్‌లయ్యారు. 1840 నుంచి 1930 లోపు సుమారు 9 లక్షల మంది అలా సరిహద్దు దాటారు.

ఆ వలస కుటుంబాల బిడ్డే అమెరికన్ రచయిత జాక్ కెరువాక్. మసాచుసెట్స్‌లోని లోయెల్ మిల్లు టౌనులో పుట్టాడు. 1965లో తన ఇంటిపేరు పట్టుకుని పారిస్, బ్రిటనీ తిరిగాడు. తిరిగినదాన్ని పుస్తకంగా రాశాడు గానీ మూలపురుషుడు మాత్రం దొరకలేదు. ఎలా దొరుకుతాడు? వచ్చినవాడు ఉర్బాన్-ఫ్రాన్స్వా లె బియాన్, బ్రిటనీలోని వెల్గోవాత్ ఊళ్లో నోటరీ కొడుకు. 1732లో కాప్-సాంతిన్యాస్‌లో లూయీజ్ బెర్నియేను పెళ్లాడేటప్పుడు మారిస్-లూయీ లె బ్రిస్ అని చెప్పుకున్నాడు. మొదటి పేరు మార్చాడు, ఇంటిపేరు మార్చాడు, కెరువాక్ అనే తోక ఒక్కటే ఉంచుకున్నాడు. రెండు దేశాల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి ఆ ముడి విప్పేసరికి 1990ల చివరికొచ్చింది. రచయిత 1969లోనే పోయాడు.

ఇవే రిజిస్టర్లలో ఇంటిపేరు లేనివాళ్లు కూడా ఉన్నారు. మార్సెల్ త్రుదెల్ అనే చరిత్రకారుడు వీటినే జల్లెడపట్టి 4 వేలకు పైగా బానిసల్ని పేరుపేరునా లెక్కతేల్చాడు. ఎక్కువమంది అక్కడి ఆదివాసులు, మిగతావాళ్లు ఆఫ్రికన్లు. మరీ అనో జోసెఫ్ అనో మతం ఇచ్చిన పేరు ఒకటి, పక్కన యజమాని పేరు. తల్లిదండ్రుల పేర్లుండాల్సిన చోట 'తెలియదు' అని ఉంటుంది. పెద్దావిడ చెప్పిన పెళ్లి దారి కూడా వాళ్ల దగ్గర ఆగిపోతుంది.

గది మూసే వేళయింది. పెన్సిలు జేబులో పెట్టుకుంటూ, ఇన్ని కాగితాలు ఎలా మిగిలాయండీ అని అడిగారు మీరు. 1640లో క్యుబెక్ చర్చి తగలబడి తొలి రిజిస్టర్లు బూడిదైతే, బతికున్నవాళ్లను అడిగి జ్ఞాపకం మీద మళ్లీ రాసుకున్నారని చెప్పిందావిడ. తర్వాత ఫ్రెంచి చట్టం ప్రకారం రిజిస్టరు రెండేసి ప్రతులు రాయాలన్నారు, ఒకటి చర్చికి, ఒకటి కోర్టుకు. పాలన ఇంగ్లీషువాళ్ల చేతికి పోయినా ఆ పద్ధతి ఆగలేదు. 1994 దాకా క్యుబెక్‌లో చర్చి రిజిస్టరే ప్రభుత్వ రిజిస్టరు కూడా.

1776లో ఫ్రాన్సు ఇంకో ఆజ్ఞ వేసింది. కాలనీలన్నీ మూడో ప్రతి రాసి వెర్సాయ్‌కి పంపాలని. క్యుబెక్ అప్పటికే చేజారిపోయింది గానీ, గోదావరి ఒడ్డున యానాం ఫ్రాన్సు కిందే ఉంది, 1954 దాకా ఉంది కూడా. యానాం రిజిస్టర్లు ఇప్పుడు ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ పట్టణంలో, కాలనీల పత్రాలు దాచే జాతీయ సంస్థలో ఉన్నాయి. చాలా పేజీల బొమ్మలు ఇంట్లో కూర్చునే ఇంటర్నెట్‌లో చూడొచ్చు. మీ తాతముత్తాతల్లో ఎవరైనా యానాంవాళ్లైతే, ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే వాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఇంటిపేరు ఒక్కటే కాదు, ఎవరికి ఎవరితో ఏ ఏడు పెళ్లయిందో, ముత్తవ్వలది ఏ పుట్టిల్లో కూడా రాసుకుని, ఆ తర్వాతే రిజిస్టరు తెరవండి.